పేరు మార్చి చూడు

నాచారం పారిశ్రామికవాడ మీద పొద్దున్నే ఒక వాసన వాలుతుంది. బిస్కెట్ల వాసన, మందుల వాసన, తడి ఇనుము వాసన. మూడూ కలిసి, ఎవరు ఎవరో తేల్చుకోలేక, డాబాల మీద ఆరేసిన చీరల్లోకి దూరి పడుకుంటాయి. ఆ చీరల కింద నుంచి తల వంచి బయటికొచ్చి, బస్సెక్కి, ఉప్పల్ రింగురోడ్డు దగ్గర దిగి, ఒక బేకరీ పక్కనున్న ఇరుకు మెట్లెక్కి, కంప్యూటర్ ముందు కూర్చునేది త్రివేణి. ఎంసీఏ చదివింది. ఇరవై ఏడేళ్ళు. నిదానస్తురాలు. ఏ కాగితం ఇచ్చినా రెండో వైపు కూడా తిప్పి చూసే రకం.

ఆమె ఉద్యోగం ఏమిటో వాడకట్టులో ఎవరికీ అంతుపట్టలేదు. తల్లి వెంకటనర్సమ్మకు మాత్రం అనుమానం లేదు.

"పాత ప్రోగ్రాములు కొత్త కంప్యూటర్ల బతుకుతయా సస్తయా చెప్తది నా బిడ్డ. డాక్టరసోంటిదే. సూది ఉండదు, గంతే తేడా."

అది రెండు వేల ఎనిమిది. వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ అనే భాషలో నాలుగో వర్షన్ ముసలిదైపోయిందని, ఇక దాని మంచిచెడ్డలు తాము చూడలేమని, దాన్ని తయారుచేసినవాళ్ళే చేతులెత్తేశారు. ఊళ్ళో ఉన్న పాత సైట్లన్నీ అయిదో వర్షన్‌కు మారాలి. మారితే నడుస్తాయా నడవవా ముందుగా ఎవరో ఒకరు చూసి చెప్పాలి. ఆ ఎవరో ఒకరు తానే ఎందుకు కాకూడదనుకున్నాడు రామ్మోహనరావు.

ఆయన భీమవరం వైపు మనిషి. మొదట రొయ్యల మేత అమ్మాడు. తర్వాత, రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపెట్టి కొంతా, తనవల్లే ఆగలేదని చెప్పి మరికొంతా సంపాదించాడు. ఇప్పుడు త్రివేణికి బాసు. ఆయన సిద్ధాంతం చాలా పొట్టిది. తెర మీద "తప్పు" అని అక్షరాలు రాకపోతే సైటు పాసు. వస్తే, ఆ అక్షరాలు కనబడకుండా చేసే ఏర్పాటు ఒకటి ఆ భాషలోనే ఉంది. అది చేశాక సైటు మళ్ళీ పాసు. పాసైన ప్రతి సైటు యజమానికీ బంగారురంగు ముద్ర వేసిన సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి ఇచ్చేవాడు. చాలామంది దాన్ని దేవుడి పటాల పక్కన తగిలించుకున్నారు.

"అమ్మా త్రివేణీ, నువ్వు మరీ లోపలికెళ్ళిపోతావమ్మా," అని బాధపడేవాడు. "గుమ్మంలోంచి చూసి, ఇల్లు బావుంది అనేసి వచ్చెయ్యాలి. వంటింటి గూట్లో ఏముందో మనకెందుకు?"

త్రివేణికి గూళ్ళంటేనే ఇష్టం. పాత కోడ్ చదవడమంటే ఆమెకు, ఖాళీ చేసి వెళ్ళిన ఇంట్లో నడవడం. గోడ మీద పిల్లల ఎత్తు కొలిచిన గీతలు. మేకు తీసేసిన చోట చిన్న చీకటి. పేరు తెలియని ఎవరో ప్రోగ్రామరు ఒక వరస పక్కన "ఇది ఎందుకు పనిచేస్తుందో నాకు తెల్వది, ముట్టుకోవద్దు" అని రాసి వెళ్ళిపోయి ఉంటాడు. ఆమె ముట్టుకునేది కాదు. కాసేపు ఆ మాట దగ్గర కూర్చుని లేచేది.

అలా ఆమె బల్ల మీదికి ఒకరోజు ఒక పెళ్ళిళ్ళ బ్యూరో సైటు వచ్చింది.

బ్యూరో ఉప్పల్‌లోనే, బస్ డిపో దాటాక. నడిపేది తారామణి. పమిట కొంగుకు ఒక సెల్‌ఫోను, నడుముకు ఒక సెల్‌ఫోను. మల్కాజిగిరి నుంచి అన్నోజిగూడ దాకా పెళ్ళికాని వాళ్ళందరూ ఆమె కంప్యూటర్లో ఉన్నారు. వెంకటనర్సమ్మ కూడా బిడ్డకు చెప్పకుండా ఎప్పుడో వెళ్ళి త్రివేణి ఫోటో, వివరాలు అందులో వేయించింది.

ఆ సైటులో తారామణికి ప్రాణంలాంటి మీట ఒకటుంది. దాని మీద "పేరు మార్చి చూడు" అని రాసి ఉంటుంది.

పుట్టిన గడియ రాసిపెట్టుకోని ఇళ్ళలో పేరులోని మొదటి అక్షరమే జాతకం. ఆ అక్షరాన్ని బట్టి నక్షత్రం, నక్షత్రాన్ని బట్టి గుణాలు. ముప్పైఆరులో సగమన్నా కలవాలి. కలవకపోతే పెళ్ళి ఆగిపోదు, మనవాళ్ళు అంత మూర్ఖులు కారు. అమ్మాయి పేరు మారుస్తారు. పీటల మీద కొత్త పేరు, పత్రికలో కొత్త పేరు, అత్తగారింట్లో కొత్త పేరు. అబ్బాయి పేరు ఎందుకు మార్చరని ఎవరూ అడగలేదు. వాకిలిని ఇంటి నెత్తిన ఎందుకు పెట్టలేదని ఎవరడుగుతారు?

పంతులు పంచాంగం తిరగేసి చేసే ఆ పనిని సైటు చిటికెలో చేసేది. అమ్మాయి వివరాలకు ఒక నకలు తీస్తుంది. ఆ నకలుకు ఒక్కో పేరే తొడిగి చూస్తుంది. గుణాలు కలిసిన పేరు దగ్గర ఆగి, ఈ పేరు పెడితే సరి అని తెర మీద చూపిస్తుంది. నకలు చెరిగిపోతుంది. అమ్మాయి తన పేరుతో తానుంటుంది, నిర్ణయం పెద్దలది.

త్రివేణి ఆ సైటును అయిదో వర్షన్ మీద పెట్టి పేజీలన్నీ తెరిచి చూసింది. మీటలన్నీ నొక్కింది. ఎక్కడా తప్పు రాలేదు. కొన్ని ఫైళ్ళ లోపలికి వెళ్ళి చదువుతుండగానే వెనక నుంచి రామ్మోహనరావు వచ్చి, "పాసా?" అన్నాడు. ఆమె జవాబు వెతుక్కునేలోపు సర్టిఫికెట్ లామినేషన్‌కు వెళ్ళిపోయింది.

తర్వాత బ్యూరోలో వసంతం వచ్చింది.

అంతకుముందు వారమంతా తిరిగినా కుదరని సంబంధాలు పూటకొకటి కుదరసాగాయి. తారామణి మిఠాయి డబ్బాతో ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. "అప్‌గ్రేడు అంటే ఏందో అనుకున్న సార్! ఏ పిల్లను ఏ పిలగానికి సూసినా కలుస్తున్నది. మస్తుగున్నది మీ అయిదో నంబరు."

"టెక్నాలజీ అమ్మా," అన్నాడు రామ్మోహనరావు, ఆ టెక్నాలజీని తానే కన్నట్టు సిగ్గుపడుతూ.

ఆ వసంతంలోని ఒక పువ్వు నాచారానికీ రాలింది. మల్కాజిగిరిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే విక్రమ్ అనే అబ్బాయి, తల్లి సూర్యకళ, రైల్వేలో రిటైరైన తండ్రి మొగిలయ్యతో కలిసి త్రివేణిని చూడ్డానికి వచ్చాడు. ముప్పైఆరులో ఇరవై అయిదు కలిశాయట. పెద్దవాళ్ళు లోపల చాయ్ తాగుతుంటే ఇద్దర్నీ డాబా మీదికి పంపారు. చీరల మధ్య నిలబడి అతను ఆమె పని గురించి అడిగాడు. ఆమె చెప్పింది. ఆవలించకుండా విన్నాడు. విని, ఒక ప్రశ్న కూడా అడిగాడు.

"పాతది మంచిగనే నడుస్తుంటే ఎందుకు మార్చాలె?"

"మార్చకుంటే దాన్ని ఎవలూ సూసుకోరు. దిక్కులేనిదైతది."

"మారిస్తే అది అదే అయితదా మరి?"

ఇంతవరకూ బాసు అడగని ప్రశ్న, ఖాతాదారులు అడగని ప్రశ్న. త్రివేణి అతని ముఖం వైపు మొదటిసారి తిన్నగా చూసింది. గడ్డం కింద చాక్‌పీసు పొడి ఉంది. ఆదివారం నాడు కూడా ఉంది. ఆ పొడి ఆమెకు నచ్చింది. కిందికి దిగి వెళ్ళేటప్పుడు అతను ఆగి, "పోయొస్త పూర్ణిమ గారూ," అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. ఒక పంజాబీ డ్రెస్సు ఊగుతోంది.

వాళ్ళు వెళ్ళాక తల్లిని అడిగింది. "పూర్ణిమ ఎవలే అవ్వా?"

"నువ్వే." వెంకటనర్సమ్మ చాయ్ గ్లాసులు కడుగుతూనే చెప్పింది. "బ్యూరోల కాగితం మీద గట్లనే ఉన్నది. పేరుబలం కోసం మార్చిన్రేమో అనుకున్న. ఏమన్న అంటే సంబంధం పోతదని నోర్మూసుకున్న. పేరే గద బిడ్డా. మంచిగనే ఉన్నది, నిండుగ."

"నన్ను అడగొద్దా?"

"నన్ను అడిగి పెట్టిన్రా నాకు? పిలగాడు నచ్చిండా లేదా, గది చెప్పు."

త్రివేణి కడిగిన గ్లాసునే మళ్ళీ కడగబోయింది. అందులోనే తల్లికి జవాబు దొరికింది. నవ్వుకుంటూ గ్లాసు బోర్లించింది.

మర్నాడు ఆఫీసులో ఆ మీట వెనకున్న ఫైలు తెరిచి, ఈసారి గుమ్మం దగ్గర ఆగకుండా, గూటి దాకా వెళ్ళింది. అక్కడ ఉంది. ఒకే ఒక్క వరస. అమ్మాయి వివరాలను ఇంకో పేరు మీద రాసుకునే వరస. పాత వర్షన్‌లో అలా రాస్తే జిరాక్స్ కాపీ వచ్చేది. దాని మీద ఏం గీసినా అసలు కాగితం పదిలం. కొత్త వర్షన్‌లో అదే వరసకు జిరాక్స్ రాదు. అసలు కాగితమే చేతిలోకి వస్తుంది. గీస్తే గీసినట్టే. పైగా పేజీ చివర, ఫలానా రోజున ఈ అమ్మాయిని చూశారు అని నమోదు చేసే ఇంకో వరస ఉంది. ప్రయత్నించి చూసిన పేరు దాంతోపాటు కంప్యూటర్లో స్థిరపడిపోతోంది.

తప్పని చెప్పే అక్షరం ఒక్కటీ రాదు. ప్రోగ్రాం ఎక్కడా ఆగదు. విరిగే వస్తువు నయం, చప్పుడు చేస్తుంది. ఇది నవ్వుతూ నడుస్తోంది, నడుస్తూ పేర్లు తుడిచేస్తోంది. ఆమె అమ్మాయిల పట్టిక తెరిచి చూసింది. పూర్ణిమ, పూర్ణిమ, రజిత, పూర్ణిమ, రజిత. మీట ఎప్పుడూ పేర్ల వరసను మొదటి నుంచి వెతుకుతుంది కనుక, ముందు వరసలో ఉన్న పేర్లకే అందరూ పంచబడ్డారు. ఉప్పల్ మీద, నాచారం మీద, హబ్సిగూడ మీద ఒకేసారి ఇన్ని పున్నములు.

పరిష్కారం కూడా చిన్నదే. ఆ వరసలో "క్లోన్" అనే ఒక మాట చేర్చాలి. అప్పుడు కొత్త వర్షన్ కూడా జిరాక్స్ తీస్తుంది. పాత పేర్లు మార్పుకు ముందు తీసిపెట్టిన బ్యాకప్‌లో ఉన్నాయి. సాయంత్రానికల్లా అందరి పేర్లూ వాళ్ళ ఇళ్ళకు చేరతాయి.

ఆమె చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. ఎందుకంటే అంతకుముందే పక్క కంప్యూటర్లో, నాలుగో వర్షన్ మీద, త్రివేణి అని, విక్రమ్ అని కొట్టి చూసింది. ముప్పైఆరులో పది.

ఆ ఒక్క మాట చేరిస్తే తన పేరు తనకొస్తుంది. గడ్డం కింద చాక్‌పీసు పొడి పోతుంది.

బాసు దగ్గరికెళ్ళింది. ఆయనే వద్దంటాడేమో, వద్దంటే బావుండునేమో అన్న ఆశ ఆమెలో లేదని చెప్పలేం. రామ్మోహనరావు ఆ ఆశను పూర్తిగా నిలబెట్టాడు.

"ఎర్రర్ వచ్చిందా?"

"రాలేద్సార్."

"ఖాతాదారు ఫిర్యాదు చేశాడా?"

"లేద్సార్. కాని అమ్మాయిల పేర్లు..."

"పెళ్ళయితే ఎలాగూ మారేవేగా! మన సైటు కాస్త ముందుగా మారుస్తోంది. దాన్ని ఫీచర్ అంటారమ్మా." ఆయన గొంతు తగ్గించాడు. "సర్టిఫికెట్ ఇచ్చేశాం తల్లీ. లామినేషన్ కూడా అయిపోయింది. లామినేషన్ అయ్యాక తప్పులుండవు."

తారామణికి ఫోన్ చేసింది. ఆమె ఇంకా సూటిగా ఉంది. "ఓ త్రివేణమ్మా, గుణాలు కలుస్తున్నయి, బువ్వ తింటున్నం. మంచిగ నడుస్తున్నదానికి రిపేరెందుకు? నీ సంబంధం గూడ గీ మీట మీదనే గద కుదిరింది? నీ కొమ్మ నువ్వే కొట్టుకుంటవా?"

త్రివేణి ఫోన్ పెట్టేసింది. కిటికీలోంచి రింగురోడ్డు కనిపిస్తోంది. నాలుగు దిక్కుల నుంచి వచ్చిన బస్సులు ఒకే దుమ్ములో కలిసి, ఒకే రంగువై, మళ్ళీ విడిపోయి, బోర్డు మీది పేర్లతో ఎవరి ఊరికి వాళ్ళు వెళ్తున్నాయి.

అప్పుడే తారామణి నుంచి మళ్ళీ ఫోను. ఈసారి గొంతు మారింది. అన్నోజిగూడ నుంచి ఒక తండ్రి వచ్చాడట. ఇద్దరు బిడ్డల వివరాలిచ్చిన మనిషి. కాగితాలు చూస్తే ఇద్దరి పేర్లూ పూర్ణిమే. "ఇద్దరికీ ఒకటే పేరైతే పెండ్లి పత్రిక గూడ ఒక్కటే కొట్టిస్తే సరిపోతదా అని అడుగుతుండమ్మా. నవ్వుతుండో ఏడుస్తుండో సమజైతలేదు. ఏం చెప్పాలె?"

"సాయంత్రం రమ్మనున్రి," అంది త్రివేణి. ఆ మాట నోట్లోంచి బయటికొచ్చాక ఇక చెయ్యి ఆగలేదు. క్లోన్ అని కొట్టింది. బ్యాకప్ తెరిచింది. మమతలు, స్వప్నలు, సమ్మక్కలు, నాగమణులు ఒక్కొక్కరే పున్నమిలోంచి బయటికి నడిచి వచ్చారు. చివర్లో త్రివేణి వచ్చింది. ఎందుకో మిగతా అందరికంటే కొంచెం సన్నగా కనిపించింది తెర మీద.

రామ్మోహనరావు ఆ దిద్దుబాటును సహించాడు. సహించడమే కాదు, "నామధేయ రక్షణ" అని ఇంకో సర్టిఫికెట్ అచ్చువేయించాడు.

ఆదివారం తారామణి రెండు కుటుంబాలనూ బ్యూరోకు పిలిపించింది. గది చిన్నది, రోడ్డు పక్కది, తలుపు తెరిస్తే ఉప్పల్ అంతా లోపలికొచ్చి కూర్చుంటుంది. ఒకవైపు బెంచీ మీద సూర్యకళ, మొగిలయ్య, విక్రమ్. ఎదురు బెంచీ మీద వెంకటనర్సమ్మ, త్రివేణి. తారామణి విషయం చెప్పింది.

"అంటే పిల్ల పేరు పూర్ణిమ గాదు?" అంది సూర్యకళ.

"కాదాంటీ. త్రివేణి. ప్రోగ్రాంల తప్పు దొర్లింది. నేను సరిచేసిన."

"సరిచేస్తే పదే కలిసినయంటున్నరు."

"అవ్."

విక్రమ్ ఆమె వైపే చూస్తున్నాడు. "గా తప్పు మీరు సరిచెయ్యకుంటే మాకు తెల్వకుండె గద?"

"తెల్వకుండె."

"మరి ఎందుకు చేసిన్రు?"

"మీరు పిలిచిన్రు గద డాబా మీద, పూర్ణిమ గారూ అని. నేను వెనకకు తిరిగి సూసిన. బతుకంత గట్ల ఎన్నిసార్లు తిరగాలె?"

వెంకటనర్సమ్మ బిడ్డ తొడ మీద గిల్లింది. సూర్యకళ కొంగు సర్దుకుని, తీర్పు చెప్పే గొంతు తెచ్చుకుంది. "గింత దానికి ఏమున్నది? పీటల మీద పూర్ణిమ అని పెడ్దాం. అందరు చేసేదే. కొత్తగ మనం చేస్తున్నమా?"

"ఇంకో దారి గూడ ఉన్నదాంటీ," అంది త్రివేణి. బల్ల మీదున్న కంప్యూటర్ తన వైపు తిప్పుకుంది. "సైటుల అమ్మాయి పేరు మార్చి సూసే మీట ఒక్కటే ఉండె. అబ్బాయికి లేకుండె. ఎవలూ రాయలే. నిన్న కూసొని రాసిన. నా పేరు గట్లనే ఉంచి, వీరి పేరు రాజలింగం అని పెడితే ముప్పైనాలుగున్నర కలుస్తున్నయి. నకలు తీసి దాని మీదనే సూసిన, అసలుకు ఏం గాలే."

తారామణి నోరు తెరిచింది. ఇంత లాభసాటి మీట ఇన్నేళ్ళూ ఎందుకు తట్టలేదా అన్నట్టు.

"మొగపిల్లగాని పేరు మారుస్తరా ఏడన్న?" సూర్యకళ లేచినంత పనిచేసింది. "వాని పదో తరగతి మెమో ఏం గావాలె? బీఈడీ సర్టిఫికెట్ ఏం గావాలె? బడిల పిల్లలు ఏమని పిలుస్తరు?"

"నావి గూడ మెమోలున్నయాంటీ. ఎంసీఏ దాక ఉన్నయి."

మొగిలయ్య గట్టిగా నవ్వాడు. అన్నీ తేలిగ్గా తీసుకునే మనిషి నవ్వు. "ఏందే గంత లొల్లి? నీ పేరు మార్చలేదా మేము? గంగవ్వవుంటివి. మా పంతులు సూర్యకళ అన్నడు. ఏమన్న అయిందా నీకు? ముక్కు ఊడిందా, చెవు ఊడిందా?"

సూర్యకళ, భర్త నవ్వు ఆగేదాకా అతని వైపే చూసింది. గంగవ్వ అనే మాట ఆ గదిలో ఎక్కడ నిలబడాలో తెలియక ఒకసారి అందరి ముఖాల మీదా వాలింది. తర్వాత ఆమె తారామణి వైపు తిరిగింది.

"రాసుకో తారామణీ. పిల్ల త్రివేణి. పిలగాడు రాజలింగం."

"అమ్మా!" అన్నాడు విక్రమ్.

"నీకు పిల్ల నచ్చలేదా?"

"నచ్చింది."

"ఇగ నోరు ముయ్యి."

మొగిలయ్య ఏదో అనబోయాడు. ముక్కూ చెవులూ గుర్తొచ్చాయో ఏమో, మానేశాడు. వెంకటనర్సమ్మకు సంబంధం నిలబడిందో కూలిందో అర్థం కాక, రెండింటికీ పనికొచ్చేలా కళ్ళు తుడుచుకుంది. బయట ఒక లారీ పోయింది. గదంతా దుమ్ము నిండింది.

"రాజలింగం, లేసి గా తలుపు దగ్గరికెయ్," అంది సూర్యకళ.

ఎవరూ లేవలేదు. విక్రమ్ కూడా, తలుపు దగ్గర ఎవరున్నారా అని చూశాడు.

"నిన్నే రా."

అతను లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. రెండడుగులు వేసి, తలుపు రెక్క పట్టుకుని ఆగి, వెనక్కి తిరిగి తల్లిని అడిగాడు.

"గిది అలవాటు గావాలంటే ఎన్ని రోజులు పడ్తదే?"

"నాకైతే ఇంక గాలే," అంది ఆమె.